పిల్లల మధ్య వేధింపులు - ఇంటి పెద్దల పాత్ర

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మాట్లాడుకునే విషయాలు మనందరికీ కంఠతా వచ్చినవే. కరువు భత్యం బకాయిలు, పి.ఆర్.సి., వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు, ఏటేటా ఇచ్చుకోవలసిన లైఫ్ సర్టిఫికెట్టు. అవన్నీ అవసరమైన విషయాలే. వాటిని గురించి నాకంటె బాగా తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మాస్టారూ, మీరు ముప్పయి ఏళ్ళు హైస్కూలు పిల్లల మధ్య గడిపారు. ఈసారి పెన్షను సంగతి కాకుండా మనవల సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని పిల్లలు పిల్లలను వేధించే విషయం ఎన్నుకున్నాను. ముఖ్యంగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసువారి గురించి చెబుతాను.

"ఇది తల్లిదండ్రులు, టీచర్లు చూసుకోవలసిన పని కదా, మనకెందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. సాయంత్రం నాలుగున్నరకు స్కూలు బస్సు ఆగేచోట నిలబడి చూడండి. అక్కడ ఎదురుచూసేవారిలో చాలామంది మనలాంటివారే. కొడుకూ కోడలూ ఉద్యోగాల నుంచి వచ్చేసరికి ఏడో, ఎనిమిదో అవుతుంది. పిల్లవాడు బస్సు దిగేటప్పటి ముఖాన్ని చూసేది మనం. ఖాళీ అయిన టిఫిన్ డబ్బానో, ముట్టని డబ్బానో సింకులో పెట్టేదీ మనమే. ఇంకొక సంగతి ఉంది. మార్కుల గురించి పిల్లలు తల్లిదండ్రులకు భయపడతారు. మనకు భయపడరు. తల్లికి చెబితే ఏడుస్తుందనీ, తండ్రికి చెబితే స్కూలుకి వచ్చి గొడవ చేస్తాడనీ దాచుకునే మాటను తాతయ్యకో, అమ్మమ్మకో చెబుతారు. అయితే చెప్పడానికి తగినట్టు మనం ఉండాలి.

ఆటపట్టించడం వేరు, వేధించడం వేరు

ముందుగా వేధింపు అంటే ఏమిటో తేల్చుకుందాం. పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకుంటారు, దెబ్బలాడుకుంటారు, మర్నాటికి మళ్ళీ కలుస్తారు. దాన్నంతా వేధింపు అంటే బడులలో పిల్లలను నోరెత్తనివ్వలేం.

దాగుడుమూతలు మనందరం ఆడినవాళ్ళమే. అందులో ఒకడు దొంగ అవుతాడు. ఎవరినైనా పట్టుకుంటే దొంగ మారతాడు. అలా వంతు మారుతున్నంతసేపూ అది ఆట. ఒకే పిల్లవాడు ప్రతిరోజూ దొంగ అయి, మిగిలినవారంతా ప్రతిరోజూ నవ్వుతుంటే అది ఆట కాదు. నేను టీచర్లకు కూడా ఇదే గుర్తు చెప్పేవాణ్ణి: వంతు మారుతోందా లేదా చూడండి.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా మొదట పరిశీలించినవారిలో ముఖ్యుడు డాన్ ఓల్వేయస్ అనే ఆచార్యుడు. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేశాడు, 2020లో కాలం చేశాడు. ఆయన మూడు లక్షణాలు చెప్పాడు. ఒకటి, కావాలని బాధపెట్టడం. రెండు, అది మళ్ళీ మళ్ళీ జరగడం. మూడు, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. బలమంటే కండబలమే కానక్కరలేదు. అటువైపు పదిమంది ఉండి ఇటువైపు ఒక్కడే ఉండవచ్చు. డబ్బు, కులం, చర్మం రంగు, ఇంగ్లీషు మాట్లాడగలగడం, సీనియరు కావడం, ఇవన్నీ బలాలే. మూడో లక్షణాన్ని బాగా గుర్తుంచుకోండి. దీనితో తరువాత పని పడుతుంది.

1970వ దశకం దాకా పెద్దలు దీన్ని "పిల్లల గోల" గానే చూశారు. 1982 చివరలో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నారు. వారి వయసు పది నుంచి పధ్నాలుగేళ్ళు. తోటి పిల్లల వేధింపులే దానికి కారణమై ఉండవచ్చునని తేలడంతో దేశమంతా కదిలిపోయింది. 1983లో అక్కడి ప్రభుత్వం అన్ని పాఠశాలల్లోనూ ఉద్యమంలా కార్యక్రమం చేపట్టింది. బెర్గెన్ ప్రాంతంలో 42 పాఠశాలల్లో దాదాపు 2,500 మంది పిల్లలను రెండేళ్ళకు పైగా పరిశీలిస్తే వేధింపులు సుమారు సగానికి తగ్గాయి. అంటే ఇది తలరాత కాదు, పెద్దలు పూనుకుంటే తగ్గే జబ్బు.

జబ్బు ఎంత విస్తారంగా ఉందంటారా? 2019లో యునెస్కో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థులలో ఒకరు, అంతకుముందు నెలరోజులలో ఒక్కసారైనా తోటి పిల్లల చేతిలో వేధింపుకు గురయ్యారు. అందుకే 2020 నుంచి ఏటా నవంబరు మొదటి గురువారాన్ని పాఠశాలల్లో హింసకూ వేధింపులకూ వ్యతిరేకంగా అంతర్జాతీయ దినంగా పాటిస్తున్నారు.

నాలుగు దారులు

వేధింపు నాలుగు దారుల్లో వస్తుంది. మొదటిది చేతితో: కొట్టడం, తోయడం, పుస్తకాలు చింపడం, డబ్బు లాక్కోవడం. దీన్ని కనిపెట్టడం తేలిక. రెండోది నోటితో: పేర్లు పెట్టడం. కళ్ళజోడు పెట్టుకుంటే సోడాబుడ్డి, లావుగా ఉంటే బొండాం, సన్నగా ఉంటే బక్కోడు, నల్లగా ఉంటే చెప్పనే అక్కరలేదు. శ్రీకాకుళం పిల్లవాడు హైదరాబాదు బడిలో చేరితే అతని యాసను ఎగతాళి చేస్తారు. పాలమూరు పిల్ల గుంటూరు హాస్టల్లో చేరితే ఆమె యాసనూ ఎగతాళి చేస్తారు. వారం పది రోజుల్లో ఆ పిల్ల మాట్లాడడమే తగ్గిస్తుంది.

మూడోది వెలివేయడం. ఆడపిల్లల్లో దీన్ని ఎక్కువగా చూశాను. ఎవరూ కొట్టరు, తిట్టరు. ఆ పిల్ల వచ్చేసరికి మాటలు ఆగిపోతాయి. భోజనాల దగ్గర పక్కన చోటుండదు. ఫిర్యాదు చేద్దామంటే చెప్పడానికేమీ ఉండదు. "ఏం చేశారమ్మా?" అని టీచరు అడిగితే, "ఏమీ చేయలేదు మేడమ్" అనవలసి వస్తుంది.

నాలుగోది మన కాలంలో లేనిది, ఫోను. ఒక ఫొటో తీసి దానికి వెకిలి మాట తగిలించి వాట్సాప్ గ్రూపులోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెడతారు. రాత్రి పది గంటలకు అది నలభైమందికి చేరుతుంది. తెల్లవారి ఆ పిల్ల తరగతిలో అడుగుపెట్టేసరికి అందరూ చూసి ఉంటారు.

"మా కాలంలోనూ ఏడిపించారు, మేం బతకలేదా?" అని మనవాళ్ళు అంటూ ఉంటారు. దానికి నాకు తోచిన సమాధానాలు రెండు. మొదటిది, మన కాలంలో వేధించేవాడు బడి గేటు దగ్గర ఆగిపోయేవాడు. ఇంటికొస్తే మనకు రక్షణ ఉండేది. ఇప్పుడు వాడు ఫోనులో దిండు పక్కకే వస్తున్నాడు. రెండోది, ఆనాడు అవమానం పడలేక చదువు మానేసినవారు మన ఊళ్ళల్లో ఉన్నారు. వారు ఉద్యోగాలు చేసి, రిటైరై, ఈ సభలో మన పక్కన కూర్చునే అవకాశం రాలేదు. కనుక "మేం బతకలేదా" అనే మాట, గట్టెక్కినవాళ్ళు మాత్రమే చెప్పగల మాట.

ఎగతాళి భయం పిల్లవాణ్ణి ఎంతగా కుంగదీస్తుందో చెప్పడానికి గాంధీజీ ఆత్మకథే సాక్ష్యం. చిన్నప్పుడు బడి వదలగానే ఇంటికి పరుగెత్తేవాడిననీ, ఎవరైనా తనను చూసి వేళాకోళం చేస్తారేమోనని భయంగా ఉండేదనీ ఆయన రాసుకున్నారు. ఆ పిరికితనం ఆయన గొప్పతనానికి అడ్డు రాలేదు, నిజమే. కాని ఆ వయసులో ఆ భయం ఎంత నిజమైనదో ఆయన ఎన్నో ఏళ్ళ తరువాత కూడా మరువలేదు.

చూసేవారి పాత్ర

ఈ వయసులోనే ఇది ఎందుకు ముదురుతుంది? పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి పిల్లలకు తల్లిదండ్రుల మెప్పుకంటె తోటివారి మెప్పు ముఖ్యమవుతుంది. ఆవేశాన్ని ఆపుకొని, పర్యవసానం ఆలోచించే మెదడు భాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై ఏళ్ళు దాటాలని వైద్యులు చెబుతున్నారు. వేధించేవారందరూ ఇంట్లో దెబ్బలు తిన్నవారో, చదువు రానివారో అనుకుంటాం. అలాంటివారు ఉన్నారు. కాని తరగతిలో పేరున్నవాడు, మాటకారి, టీచర్లకు ఇష్టుడు కూడా ఈ పని చేస్తాడు. పదిమంది నవ్వితే తన స్థానం ఒక మెట్టు పెరుగుతుందని వాడికి తెలుసు.

ఆ నవ్వే పదిమందే అసలు కీలకం. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు పాఠశాల ఆటస్థలాల్లో పిల్లలను కెమెరాలతో గమనించి 2001లో ఫలితాలు ప్రకటించారు. వేధింపు జరిగిన సందర్భాలలో 88 శాతం వేళ తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. వారు అడ్డుపడ్డది 19 శాతం సందర్భాలలోనే. కాని అలా అడ్డుపడ్డప్పుడు సగానికి పైగా, అంటే 57 శాతం సార్లు, పది సెకన్లలో వేధింపు ఆగిపోయింది. ఫిన్లాండులో క్రిస్టీనా సల్మివాల్లి అనే ఆచార్యురాలి పరిశోధనల ఆధారంగా, చూసేవారిని మార్చడమే ముఖ్యోద్దేశంగా ఒక పథకం తయారుచేసి 2009 నుంచి దేశమంతటా పాఠశాలలకు అందించారు.

కాబట్టి మన మనవడు వేధించేవాడూ కాదు, వేధింపబడేవాడూ కాదు, "వాడి జోలికి ఎవరూ రారు" అని నిశ్చింతగా ఉండవద్దు. వాడు చూసేవారిలో ఒకడై ఉంటాడు. "నువ్వెళ్ళి వాళ్ళతో పోట్లాడమనను. నవ్వకుండా ఉండు. తరువాత ఆ పిల్లవాడి పక్కన కూర్చుని టిఫిన్ తిను. టీచరుకు చెప్పు" అని నేర్పండి. ఈ మూడు పనులకూ ధైర్యం కొంచెం చాలు.

ఇంట్లో కనిపించే గుర్తులు

పిల్లలు నోటితో చెప్పరు. ఆ వయసులో చెప్పుకోవడమే పరువు తక్కువ. కాని గుర్తులు ఉంటాయి. సోమవారం ఉదయం కడుపునొప్పి వస్తుంది, ఆదివారం రాదు. బడి నుంచి వచ్చీ రాగానే చెప్పులు విప్పకుండా బాత్రూములోకి పరుగెత్తుతారు. బడిలో బాత్రూము దగ్గరే వేధింపు జరుగుతోందేమో ఆలోచించాలి. పెన్నులు, జామెట్రీ బాక్సులు తరచు "పోతాయి". మన జేబులోంచి పది, ఇరవై తగ్గుతాయి. బస్సు మానేసి నడిచి వస్తానంటారు. ఫోను మోగితే ఉలిక్కిపడతారు. నిన్నటిదాకా పేరు పేరునా చెప్పిన స్నేహితుల ఊసు ఒక్కసారిగా ఆగిపోతుంది. వీటిలో ఒకటి కనిపించగానే కంగారు పడవద్దు. రెండు మూడు కలిసి, రెండు వారాలు కొనసాగితే మాత్రం ఊరుకోవద్దు.

అప్పుడేం చేయాలి? ఎదురుగా కూర్చోబెట్టి విచారణ జరపకూడదు. మన సర్వీసులో ఎంక్వయిరీలు చాలా చూశాం, వాటిలో ఎవరు నిజం చెప్పారు? బఠాణీలు ఒలుస్తూనో, సాయంత్రం పార్కుకు నడుస్తూనో పక్కపక్కన ఉన్నప్పుడు మాట్లాడాలి. "బడి ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. "ఇవాళ భోజనం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం వెంటనే రాకపోతే అదే సమాధానం.

హాస్టళ్ళలో ఉన్న ఇంటర్మీడియట్ పిల్లల విషయంలో ఇది మరీ అవసరం. వారికి ఇంటితో మాట్లాడే సమయం వారానికి కొన్ని నిమిషాలు. ఆ కాస్త సమయమూ మార్కుల గురించి, ర్యాంకుల గురించి గడిచిపోతుంది. ఫోను మన చేతికి వచ్చినప్పుడు "నీ గదిలో ఎంతమంది? పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు? రాత్రి బాగా నిద్ర పడుతోందా?" అని అడగండి. మార్కులు అడిగేవారు వేరే ఉన్నారు.

పిల్లవాడు చెప్పడం మొదలుపెట్టాక అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "నువ్వేం చేశావు ముందు?" అంటే తప్పు వాడిదే అన్నట్టు అవుతుంది. "నువ్వూ నాలుగు తగిలించు" అంటే, బలం సమానంగా లేదని మొదట చెప్పుకున్నాం కదా, వాడు ఇంకా ఎక్కువ దెబ్బలు తింటాడు. "పట్టించుకోకు" అంటే పట్టించుకోకుండా ఉండడం చేతకాకనే వాడు మన దగ్గరకు వచ్చాడు. "ఆ ఫోను వల్లే ఇదంతా" అని ఫోను లాక్కుంటే, మరోసారి ఏమి జరిగినా మనకు చెప్పడు. చాలామంది పిల్లలు దాచేది ఆ భయంతోనే. ముందు పూర్తిగా వినండి. "చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు లేదు. ఏం చేద్దామో కలిసి ఆలోచిద్దాం" అనండి. ఆ తరువాత వాడికి తెలిసేలా తల్లిదండ్రులకు చెప్పండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వవద్దు.

మన సర్వీసు అనుభవం ఇక్కడ పనికివస్తుంది

హెడ్మాస్టరుగా నా దగ్గరకు వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఇలా ఉండేవి: "మావాణ్ణి అందరూ ఏడిపిస్తున్నారు సార్." దాని మీద ఏ హెడ్మాస్టరైనా ఏమి చర్య తీసుకోగలడు? "ఫలానా తేదీన, ఇంటర్వెల్లో, కుళాయి దగ్గర, ఫలానా పిల్లలు సంచి లాక్కుని పుస్తకాలు నీళ్ళలో పడేశారు. ఫలానా వారు చూశారు. రెండు రోజుల తరువాత మళ్ళీ ఇలా జరిగింది" అని రాసి ఇస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం.

మనం జీవితమంతా ఫైళ్ళు నడిపినవాళ్ళం. తేదీ లేని కాగితానికి విలువ లేదని మనకంటె బాగా తెలిసినవారెవరు? ఒక నోటుబుక్కు పెట్టి పిల్లవాడు చెప్పింది చెప్పినట్టు, తేదీ, చోటు, పేర్లతో రాయండి. ఫోనులో వచ్చినవాటిని చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీయించి దాచండి. ఆ తరువాతే ఆ నంబర్లను బ్లాక్ చేయించండి. పిల్లవాడి తల్లిదండ్రులతో కలిసి మర్యాదగా ఫిర్యాదు రాసి, రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. వారం తరువాత వెళ్ళి ఏమి చేశారో అడగండి. నెల తరువాత మళ్ళీ అడగండి. బకాయిల కోసం ట్రెజరీ చుట్టూ తిరిగిన ఓపిక మనకుంది. ఈ పనికి అందులో పదోవంతు చాలు.

చేయకూడనివి రెండున్నాయి. ఎదుటి పిల్లవాడి ఇంటి మీదికి వెళ్ళకండి. అది పెద్దల గొడవగా మారి పిల్లల సంగతి మరుగున పడుతుంది. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "షేక్ హ్యాండ్ ఇచ్చుకోండి" అనిపించే రాజీకి ఒప్పుకోకండి. సమానుల మధ్య తగవుకు రాజీ పనిచేస్తుంది. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య రాజీ చేస్తే బలహీనుడే గది బయట మళ్ళీ దాని ఫలితం అనుభవిస్తాడు.

వేధించేది మనవాడే అయితే

ఇక్కడ మనకు కష్టం ఎక్కువ. నా సర్వీసులో ఒక సంఘటన చెబుతాను. ఒక మండల కేంద్రంలోని హైస్కూలులో పనిచేస్తున్న రోజులు. నెలాఖరున హాజరు పట్టీలు సరిచూస్తుంటే తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయికి పదకొండు రోజులు ఉదయం ఆబ్సెంటు, మధ్యాహ్నం ప్రెజెంటు పడి ఉంది. రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లవాడు కాడు. పిలిపించి విడిగా మాట్లాడితే సంగతి బయటపడింది. అతనికి నత్తి. ఉదయం పేరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనడానికి కొన్ని క్షణాలు పట్టేది. నలుగురు కుర్రాళ్ళు వెనక బెంచీలో "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టేవారు. తరగతి నవ్వేది. అది పడలేక ఆ అబ్బాయి పలకడం మానేశాడు. ఎదురుగా కూర్చునే ఆబ్సెంటు వేయించుకున్నాడు. మధ్యాహ్నం వచ్చే టీచరు తలలు చూసి వేసేవారు కనుక ఆ పూట బయటపడేవాడు.

మర్నాటి నుంచి ఆ తరగతిలో అందరూ చేయెత్తి హాజరు చెప్పే పద్ధతి పెట్టాం. ఆ అబ్బాయి పేరు ఎక్కడా ఎత్తలేదు. నలుగుర్నీ ఒక్కొక్కరిగా పిలిచి మాట్లాడాం. నలుగురికీ నాయకుడైనవాడు తాతగారి దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. ఆయన తపాలా శాఖలో రిటైరైన పెద్దమనిషి. కబురు పెడితే గంటలో వచ్చారు. మనవణ్ణి వెనకేసుకు రాలేదు. నా ముందు కొట్టనూ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు:

"ఒరేయ్, వాడు ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టేది?"

"పది లెక్కపెట్టేదాకా తాతయ్యా."

"నువ్వు పది అంకెలసేపు ఆగలేకపోయావు. వాడు పదకొండు రోజులు ఆగాడు."

కుర్రాడు తలదించుకున్నాడు. ఆయన అంతటితో వదల్లేదు. "నవ్వు మొదలుపెట్టింది నువ్వు. ఎవరైనా మళ్ళీ నవ్వితే ఆపవలసిందీ నువ్వే. ప్రతి శనివారం వచ్చి సారుని అడుగుతాను" అన్నారు. అన్నట్టే ఆ సంవత్సరం ఆఖరుదాకా ప్రతి శనివారం గొడుగు పట్టుకుని వచ్చి, వరండాలో నిలబడి, అడిగి వెళ్ళేవారు.

ఆ అబ్బాయి నత్తి పోలేదు. ఆ ఇద్దరూ ప్రాణస్నేహితులూ కాలేదు. రెండు నెలల తరువాత ఒకరోజు అతను చేయెత్తడంతో ఆగకుండా నోటితోనే హాజరు చెప్పాడట. తరగతి నిశ్శబ్దంగా ఉందని క్లాసు టీచరు వచ్చి నాకు చెప్పారు. మరుసటి ఏడు పదో తరగతి పూర్తిచేసి వెళ్ళాడు. అందులో మా స్కూలు చేసినదెంతో, ఆ తాతగారు చేసినదీ అంతే.

మనవడి మీద ఫిర్యాదు వస్తే "మావాడు అలాంటివాడు కాదు" అనే మాట మన నోటికి మొదట వస్తుంది. దాన్ని ఆపుకోవాలి. కొట్టడం వల్ల ప్రయోజనం లేదు. బలమున్నవాడు బలహీనుణ్ణి కొట్టవచ్చుననే పాఠాన్నే అది మళ్ళీ నేర్పుతుంది. చేసింది తప్పని స్పష్టంగా చెప్పాలి, చేసిన నష్టాన్ని సరిదిద్దే పని వాడికే అప్పగించాలి, ఆ పని జరుగుతోందా అని నెలల తరబడి చూస్తూ ఉండాలి.

ఇంకొక్క మాట. పిల్లలు వాడే వెక్కిరింపు మాటలు ఆకాశం నుంచి ఊడిపడవు. పెళ్ళి చూపులు అయ్యాక "పిల్ల కాస్త చామనచాయ" అని పెదవి విరవడం, పనిమనిషి కులం పేరు చెప్పి మాట్లాడడం, ఇంకో ప్రాంతం వారి యాసను అనుకరించి నవ్వుకోవడం, ఇవన్నీ హాల్లో కూర్చుని చదువుకునే పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. బాల అంబేద్కర్‌ను తరగతిలో వేరుగా గోనెపట్టా మీద కూర్చోబెట్టినది తోటి పిల్లలు కాదు, పెద్దలు పెట్టిన కట్టుబాటు. పెద్దల మాట మారితే పిల్లల మాట కూడా కొంత మారుతుంది.

చట్టం, సహాయం

చట్టం మనకు అండగానే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. విద్యార్థిని ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. ఆత్మహత్యకు కారణమైతే యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని సంస్థ అధిపతి కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే అని ఆ చట్టం చెబుతోంది. తప్పు చేసినవారు 18 ఏళ్ళ లోపువారైతే వారి విషయం బాలల న్యాయ చట్టం ప్రకారం నడుస్తుంది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి ర్యాగింగ్ వల్ల మరణించాక, యు.జి.సి. అదే ఏడాది దేశవ్యాప్తంగా నిబంధనలు తెచ్చింది. కాలేజీ విద్యార్థులకు 1800-180-5522 అనే ఉచిత ఫోను ఉంది. సి.బి.ఎస్.ఇ. 2015లో తన పాఠశాలలన్నిటిలో వేధింపుల నివారణ కమిటీలు ఉండాలని ఆదేశించింది. మీ మనవడి బడిలో ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. లైంగికమైన వేధింపు అయితే అది బడిలో సర్దుకునే విషయం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి.

రెండు నంబర్లు మాత్రం అందరూ రాసుకోండి. 1098 బాలల సహాయ ఫోను, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది. 14416 టెలిమానస్, 2022లో మొదలైంది, మానసిక ఆరోగ్యం గురించి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పిల్లవాడు "నేను లేకపోతే అందరికీ బాగుంటుంది" అన్నా, "చచ్చిపోతాను" అన్నా బెదిరింపు అనుకోకండి. ఆ పూట ఒంటరిగా వదలకండి. మందులు, పురుగుమందులు అందకుండా చేయండి. ఆ నంబరుకు ఫోను చేసి, తల్లిదండ్రులతో కలిసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

మనలో కొందరు ఆరేసి నెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వస్తుంటారు. అక్కడి మనవలకు డబ్బాలోని పులిహోర వాసన గురించి, నోరు తిరగని పేర్ల గురించి ఎగతాళి ఎదురవుతుంది. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ వేధింపులకు వ్యతిరేకంగా చట్టాలున్నాయి. ఆఖరుగా 2015లో మాంటానా రాష్ట్రం కూడా చేసింది. కనుక "పరాయి దేశం, మనకెందుకు" అని పిల్లల నోరు మూయించవద్దు.

చివరిగా కార్యవర్గానికి ఒక మనవి. మన సభ్యులలో టీచర్లు, వైద్య శాఖవారు, పోలీసు శాఖవారు, న్యాయ శాఖవారు ఉన్నారు. ప్రతి యూనిట్ నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి, దగ్గరలోని ఒక హైస్కూలుకు హెడ్మాస్టరు అనుమతితో నెలకొకసారి వెళ్ళి పిల్లలతో గంటసేపు గడిపితే బాగుంటుంది. ఉపన్యాసాలు అక్కరలేదు, అవి వారికి రోజూ ఉంటాయి. వారు చెప్పేది వింటే చాలు. ఈ సంగతి తీర్మానంగా చేపడితే నా వంతు నేను వస్తాను.

 రేపు సాయంత్రం బస్సు దిగే మనవణ్ణి మార్కులు అడగకుండా, భోజనం ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో అడుగుతారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.